ముందు బెంచీలో మా చిన్నత్త

ఆ రోజుల్లో తమిళనాట ఉన్న మా రాజపాళయం తెలుగిళ్ళల్లో గౌరవం వయసును బట్టి కాదు, వరసను బట్టి దక్కేది. మా నాయనమ్మ కడసారి కాన్పు బిడ్డ మా చిన్నత్త. నేను చంకనెత్తుకుని తిప్పిన పిల్లే. అయినా మా నాయనకు చెల్లెలు గనక నేను "అండి" అనాలి, ఆమె నన్ను "ఒరే" అనాలి. ఇంట్లో ఇది బాగానే సాగింది. నేను పంతులునై, ఆమె నా క్లాసులోనే ముందు బెంచీలో కూర్చున్నాక వచ్చింది చిక్కంతా.

నాది టెంపరరీ ఉద్యోగం. ఇన్‌స్పెక్టరు వచ్చి పాఠం విని తల ఊపితే పర్మనెంటు, లేకుంటే తళవాయిపురంలో మామయ్య అరటితోటకు నీళ్ళు కట్టాలి. ఇన్‌స్పెక్టరు వచ్చే పొద్దున ఇడ్లీ పక్కన పెట్టి పాఠమే వల్లించుకుంటూ కూర్చున్నాను.

"భయపడొద్దురా. నేను ముందు బెంచీలోనే ఉండాను గదా," అంది చిన్నత్త, జడలో కనకాంబరాలు పెట్టుకుంటూ.

"అదే అత్తా నా భయం. ఈ ఒక్క పొద్దు పేరు పెట్టి పిలుస్తాను. కోపపడొద్దండి."

"పిలువు. సాయంత్రం ఇంటికి రావా నువ్వు?"

ఆనాటి పాఠంలో ఇంగ్లీషు మాట 'అథారిటీ'. (ఏరికోరి నేనే తీసుకున్నాను, నా తెలివికి నన్నే మెచ్చుకోవాలి.) ఆజ్ఞాపించే హక్కు అథారిటీ, ఒక విషయం లోతుగా తెలిసిన మనిషీ అథారిటీయే, దాన్నే బహువచనం చేసి 'అథారిటీస్' అంటే ప్రభుత్వ అధికారులు అని చెప్పి, ఇన్‌స్పెక్టరు వైపు వినయంగా చెయ్యి చూపాను. ఆయన మీసం కాస్త కదిలింది. ఎవరిచేతనైనా చెప్పించమన్నాడు. క్లాసంతా తలలు దించుకుంది. లేచింది ఒక్క చెయ్యే, ఎర్ర గాజుల చెయ్యి. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. నోట్లోంచి మాత్రం "చెప్పండత్తా" అని బయటపడింది.

తిరునల్వేలి నుంచి వచ్చిన ఆ ఇన్‌స్పెక్టరుకు మా తెలుగు రాదు. కానీ అత్త తమిళంలోనూ అత్తే. కళ్ళజోడు తీసి, ఎవరా అత్త అని తమిళంలో అడిగాడు. చిన్నత్త లేచి, తానే వీడి నాయనకు చెల్లెల్నని ఆ తమిళంలోనే చెప్పింది ('వీడు' అన్న మాట మాత్రం వదల్లేదు). ఆపైన పాఠం కూడా అప్పజెప్పింది: ఇంట్లో అమ్మ అథారిటీ, అమ్మా తానూ చేరితే అథారిటీస్. పిల్లలు పగలబడి నవ్వారు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. ఆమెను కూర్చోమని మీరు చెప్పండి, చూస్తాను, అన్నాడు నాతో.

నా ఉద్యోగమంతా ఒక్క "కూర్చో"లో ఉంది. మేనత్తను అలా అన్నవాడు మా వీధిలో ఇంకా పుట్టలేదు. నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. చిన్నత్త నా ముఖం చూసింది. వెంటనే చేతులు కట్టుకుని, తల వంచి, "సరి, సార్" అని కూర్చుంది. నన్ను సార్ అంది! నేను కళ్ళతోనే శాసించాననుకున్నాడు కాబోలు, ఇన్‌స్పెక్టరు తల ఊపాడు.

సాయంత్రం సంతోషం పట్టలేక ఇంటికి పరుగెత్తి, "అత్తా, ఉద్యోగం నిలిచినట్టే" అంటే, "సరి, ముందు కాళ్ళు కడుక్కోరా" అంది.

ఆ తర్వాత హెడ్మాస్టరునై ఊరంతటి చేతా సార్ అనిపించుకున్నాను. రిటైరయ్యాక ఆ పిలుపు తగ్గిపోయింది. మొన్న చిన్నత్త ఇంటికి వెళ్ళి, ఇంకొక్కసారి సార్ అనండత్తా అని అడిగాను. నా నెరిసిన తల వైపు చూసి నవ్వింది.

"ఆ పొద్దు నీకు అవసరమని అన్నాను. ఇప్పుడెందుకురా? పోయి కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను."

నేను లేచి కాళ్ళు కడుక్కోవడానికి పోయాను.