జాకెట్టు మెడ

మా నాటక బృందానికి దుస్తులు డిజైన్ చేసే అక్కకు ఒక అలవాటుండేది. ట్రయల్ వేసుకున్న ప్రతివాళ్లనూ చేతులు పైకెత్తమని చెప్పి, "ఊపిరాడుతున్నదా?" అని అడిగేది. జవాబు వినేదాకా వదిలేది కాదు.

శాలిబండలో ఒక మేడమీది గదిలో మా రిహార్సల్స్ జరిగేవి. అక్కడ పొద్దస్తమానం స్వేచ్ఛ గురించే చర్చలు. ఒక సాయంత్రం మా దర్శకుడు కొత్తగా వచ్చిన నటిని ఎగాదిగా చూసి, జాకెట్టు మెడ ఇంకా కిందికి దించమని అక్కకు చెప్పాడు. ఆ అమ్మాయి తల వంచుకుని కొంగు కప్పుకుంది.

అక్క ఆమె వైపు తిరిగి, "నీకు ఇష్టమేనా చెల్లె?" అంది.

"ఆమెనేంది అడిగేది? డైరెక్టర్‌ని నేను!" అని ఆయన అరిచాడు.

"పాత్రకు గావాల్నంటే ఆమెతోని మాట్లాడుండ్రి సార్. మీ కండ్లకు గావాల్నంటే మాత్రం నేను కుట్ట."

"అయితే నడువ్. నీ అసొంటోళ్లు మస్తుమంది దొరుకుతరు."

అక్క సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. ఆ అమ్మాయి, "ఆగక్కా, నేను గూడ వస్తున్న," అంటూ వెంట పరుగెత్తింది. ఆ నాటకం అంతటితో ఆగిపోయింది.

ఇప్పుడు వాళ్లిద్దరూ యాకుత్‌పురాలో సొంతంగా నాటకాలు వేస్తున్నారు. ఆయన మాత్రం ఇప్పటికీ వేదికలెక్కి స్త్రీ స్వేచ్ఛ మీద ఉపన్యాసాలిస్తాడు. పెద్దమనుషులు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. మొన్న ఒక సభలో ఉండబట్టలేక లేచి, "ఆ జాకెట్టు ముచ్చట గూడ చెప్పుండ్రి సార్!" అని అరిచాను.

నిర్వాహకులు నన్ను బయటికి పంపి తలుపులు మూశారు. లోపల మళ్లీ చప్పట్లు మోగాయి.