పారసీలోని మన ఇతిహాసాన్ని తెలుగులో చెప్పిన రామశేషయ్యగారు

రామశేషయ్యగారు పరమపదించారని గురువారం పొద్దున ఆయన మనుమరాలు ఫోన్ చేసింది. "నిన్న సాయంత్రం నాచేత మూడు పేజీలు రాయించిన మనిషి ఎలా పోతాడే?" అని ఆ పిల్లనే గదమాయించాను.

యీషున్‌లో ఈ పరాయిదేశపు ఫ్లాట్లలో మా పై అంతస్తే ఆయనది. పారసీక భాషాకోవిదులు. పూర్వం మొగలు పాదుషా కొలువులో పండితులు మన ఇతిహాసాన్ని సంస్కృతం నుంచి పారసీలోకి తెచ్చారు. ఆ గ్రంథాన్ని తెలుగు చేయడం ఆయన జీవితసంకల్పం. చూపు మందగించి కలం పట్టలేని దశలో, అరవై దాటాక ఆయన దగ్గరే అక్షరాలు దిద్దుకున్న నేను లేఖకురాలినయ్యాను. భూతద్దం పెట్టి చదివి ఆయన తెలుగులో చెప్పేవారు. నేను రాసి, తిరిగి చదివి వినిపించేదాన్ని.

"నాకు ఒత్తులే సరిగా రావండీ" అంటే, "ఆ కొలువులో పండితుడికి పారసీ రాదు, రాసేవాడికి సంస్కృతం రాదు. ఒకరు హిందుస్తానీలో చెబితే ఒకరు రాసుకున్నారు. మాటను నమ్మారమ్మా, అంతే" అనేవారు.

యుద్ధం ముగిశాక తల్లుల శోకం పారసీలో ఒక్క వాక్యమే. నేను చిన్నప్పుడు హరికథలో విన్నదంతా కలిపి అరపేజీ రాశాను. చదివి వినిపిస్తుంటే ఆపేశారు.

"ఈ ఏడుపు ఎక్కడిదమ్మా?"

"నాదే. కొడుకులు పోయిన తల్లుల్ని ఒక్క ముక్కలో తేల్చేస్తాడా ఆ పారసీ రాసిన పెద్దమనిషి?"

పగలబడి నవ్వారు. "కొట్టెయ్యి. ఆయన అనని మాట ఆయన నోట పెట్టకూడదు."

కొట్టేశాను. కానీ అంతకుముందు నోటుబుక్కుల్లోనూ అక్కడక్కడ కలిపాను. వినిపించేటప్పుడు ఆ ముక్కలు దాటేసి చదివాను. చెప్పాలి చెప్పాలి అనుకుంటూనే నాలుగేళ్లు దాటించాను. ఇప్పుడు తిరగేస్తే ఏది ఆయన చెప్పిందో, ఏది నేను కలిపిందో నాకే తెలియడం లేదు.

"తాత వర్క్ కదా ఆంటీ, ప్రింట్ చేసేద్దాం లా" అంటోంది ఇక్కడివాళ్ల యాసలో మనుమరాలు. వద్దన్నాను. ఆ మహనీయుడి పేరు మీద నా మాటలు అచ్చు కాకూడదు. పారసీ చదవగలిగినవారు ఎవరైనా వచ్చి మూలంతో సరిచూస్తే, పన్నెండు నోటుబుక్కులూ ముందు పెడతాను.

అలాంటివారు దొరకవచ్చు. నా తప్పు పట్టుకుని, పగలబడి నవ్వి, మళ్లీ కలం నా చేతికే ఇచ్చే గురువు మాత్రం నాకింక దొరకరు.