ముక్కు మేస్త్రి

కార్లు బాగుచేసే ఆ మనిషికి ముక్కే మొదటి పనిముట్టు. అందుకే అందరూ ముక్కు మేస్త్రి అనేవారు. కారు షెడ్డు ముందు ఆగడమే తడవు, బానెట్టు ఎత్తకుండానే ఒక్కసారి గాలి పీల్చి, “క్లచ్ మాడింది” అనో, “ఆయిలు కారి సైలెన్సరు గొట్టం మీద పడుతోంది” అనో తేల్చేసేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. జనం ముక్కున వేలేసుకునేవారు.

అలాంటివాడికి ఓ ఏడాది గట్టి జ్వరం పట్టుకుంది. అది పోతూ పోతూ వాసనని కూడా వెంటబెట్టుకుపోయింది. పెట్రోలు గుడ్డ ముక్కుకి ఆనించుకుంటే తడిగుడ్డలాగే ఉంది. “రావచ్చు, రాకపోవచ్చు. ఓపిక పట్టండి” అన్నాడు డాక్టరు. మేస్త్రి ఓపిక పట్టాడు, నోరు కూడా మూసుకున్నాడు. కట్టుకున్న భార్యకి సైతం చెప్పలేదు. వాసనతో తేలే పనిని చూసి, తడిమి, నడిపి తేల్చుకునేవాడు. చిటికెలో అయ్యేదానికి పూటంతా పట్టేది. వయసు వచ్చేకొద్దీ జాగ్రత్త ఎక్కువైందనుకున్నారు చుట్టుపక్కలవాళ్లు.

ఓ మధ్యాహ్నం, స్కూలు పిల్లల్ని దింపే డ్రైవరమ్మ కారు తెచ్చింది.

“మేస్త్రిగారూ, లోపల ఒకటే మాడు వాసన. పిల్లలు కూర్చోలేకపోతున్నారు. నిన్న ఒకడు కక్కుకున్నాడు కూడా.”

“ఎలాంటి వాసనమ్మా?”

“మాడు వాసనంటే మాడు వాసనే! మీ ముక్కుకి నేను చెప్పాలా?” అని నవ్వి, ఆవిడ ఎదురు కొట్టుకి టీ తాగడానికి వెళ్లింది.

మేస్త్రి బానెట్టెత్తాడు. ఇంజను పొడిగా ఉంది. బెల్టు బిగువుగా ఉంది. కారుని వీధి చుట్టూ తిప్పుకొచ్చి, బ్రేకు పట్టేసిందేమోనని నాలుగు చక్రాల దగ్గరా అరచేతి వెనక భాగం పెట్టి చూశాడు. అన్నీ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. కారు కిందకి దూరి చూశాడు. గొట్టానికి ఏదీ అంటుకుని లేదు. తల ప్రాణం తోకకొచ్చింది. “ఏమీ లేదమ్మా, తీసుకెళ్లండి” అనే మాట గొంతుదాకా వచ్చింది. వెనక సీటులో ఎవరో పిల్లాడు మరిచిపోయిన చిన్న బూటు కనబడింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

అప్పుడే భార్య అన్నం క్యారియరుతో వచ్చింది. షెడ్డు వెనక వాటాలోనే వాళ్ల కాపురం. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది.

“అబ్బ! ఏంటండీ ఈ కంపు?”

“నీకు వస్తోందా?” అన్నాడు ఆత్రంగా.

“నాకు వస్తుంది. మీకే రావడంలేదు.”

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. “ఎవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలా? మొన్న కూర అడుగంటి బొగ్గయిపోయింది. ఇల్లంతా కంపు. మీరేమో మూత తియ్యని గిన్నె ముందు కూర్చుని, ఇవాళ ఘుమఘుమలాడుతోందన్నారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఎన్నాళ్లండీ?”

“మరి అడగలేదేం?”

“మీరే చెబుతారని చూశాను. చూసీ చూసీ నాకూ పంతం వచ్చింది.”

ఆయనకి నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు. గుండెల మీంచి బరువు దిగినట్టు మాత్రం అనిపించింది. క్యారియరు అందుకుని పక్కన పెట్టి, ముందు తలుపు తీశాడు. “కాస్త ఎక్కి కూర్చో.”

ఇంజను ఆన్ చేశాడు. “ఇప్పుడు?”

“పాత కంపే. కొత్తగా రావడంలేదు.”

గాలి ఫ్యాను పూర్తిగా తిప్పాడు. లోపల ఏదో రాసుకుంటున్నట్టు చప్పుడైంది. ఆమె మొహం చిట్లించింది. “ఇదిగో, వచ్చింది!”

“రబ్బరు మాడినట్టా?”

“కాదు. ఇస్త్రీ పెట్టె కింద ప్లాస్టిక్ గుండీ కరిగితే వస్తుంది చూడండి, అచ్చం అదే. ఇక్కడే, నా కాళ్ల దగ్గర నుంచి.”

ఇంకేం చెప్పనక్కర్లేదు. ఆయన అంతా ఆపేసి, ముందు బ్యాటరీ తీగ ఊడదీశాడు. ఆమె దిగాక డ్యాష్‌బోర్డులోని సామాన్ల అర విప్పి టార్చి వేశాడు. ఫ్యాను మోటారుకి కరెంటు వచ్చే ప్లగ్గు కరిగి గోధుమరంగులోకి తిరిగింది. వైర్ల మీద తొడుగు పెళుసెక్కి చిట్లింది. ఫ్యానులోంచి గుప్పెడు ఎండాకులు వచ్చాయి. అవి అడ్డుపడి మోటారు ఈడ్చుకుంటూ తిరుగుతోంది, ఎక్కువ కరెంటు లాగుతోంది. అలాంటప్పుడు ఫ్యూజు పోవాలి కదా! తీసి చూస్తే అక్కడ ఉండాల్సినదానికన్నా పెద్ద ఫ్యూజు ఉంది.

డ్రైవరమ్మ వచ్చి చూసి, “అది మా తమ్ముడు వేశాడండీ. మాటిమాటికీ పోతోందని పెద్దది వేస్తే గొడవ వదిలిపోతుందన్నాడు” అంది.

“గొడవ వదల్లేదమ్మా. కాపలావాడికి నిద్రమాత్ర మింగించాడు. ఇంకొన్నాళ్లు తిప్పి ఉంటే కారే అంటుకునేది.”

ఆవిడ వంగి కరిగిన ప్లగ్గుని మరోసారి చూసింది. తర్వాత, “ఎంతైనా మీ ముక్కే ముక్కు” అంది.

ఊరుకుంటే సరిపోయేది. కానీ భార్య పక్కనే నిలబడి ఉంది.

“నా ముక్కు పనిచెయ్యడం మానేసి చాన్నాళ్లయిందమ్మా. ఇది పట్టింది మా ఆవిడ.”

మాడిన వైరుని మంచి రాగి తీగ కనిపించేదాకా కత్తిరించి, కొత్త ప్లగ్గు బిగించాడు. ఫ్యానంతా దులిపి, తేలిగ్గా తిరుగుతోందని చూసుకుని, సరైన ఫ్యూజు వేశాడు. చాలాసేపు గాలి తిప్పి ఉంచాడు. అన్నం చల్లారిపోయింది. భార్య మళ్లీ ఎక్కి వాసన చూసి, “ఏమీ లేదు, పిల్లాడి బూటు తప్ప” అంది.

సంగతి వీధంతా పాకింది. కొందరు వేరే షెడ్డు చూసుకున్నారు. ఎక్కువమంది ఎక్కడికీ పోలేదు. ఈసారి ఇద్దరూ వెళ్లి అడిగితే డాక్టరు చెప్పినట్టు, ముక్కుకి వాసనలు మళ్లీ అలవాటయ్యేలా భార్య రోజూ పొద్దున్నే సబ్బు, నిమ్మతొక్క, లవంగం ఒక్కొక్కటే ఆయన ముక్కు దగ్గర పెట్టేది. ఏడాది తిరిగేసరికి పెట్రోలు వాసన లీలగా వచ్చింది. మిగతావి రాలేదు.

ఈలోగా కుట్టుమిషను షెడ్డు ముందుగదిలోకి మారింది. కారు రాగానే మేస్త్రి బానెట్టెత్తి, “ఓసారి ఇలా రా” అని కేకేస్తాడు.

“ఉండండి, ఈ చొక్కా చెయ్యి కుట్టేసి వస్తాను” అంటుందామె.

ఆయన బానెట్టు పట్టుకుని నిలబడతాడు.