మస్తాన్ వలీ కొట్లో పురుగుల పరీక్ష

1998 ఖరీఫ్‌కు నన్ను ప్రత్తిపాడు వైపు మండల వ్యవసాయాధికారిగా వేశారు. రైతుల నోట్లో ఆ ఉద్యోగం పేరు ‘ఏవో గారు’. విత్తనం మొలవకపోయినా, వాన పడకపోయినా, పురుగు చావకపోయినా ముందుగా నిలదీసేది ఆయన్నే. ఆయన పైన సహాయ సంచాలకులు, అంటే ఏడీ గారు ఉంటారు గానీ, ఏడీ గారికి జీపుంది కాబట్టి దొరకరు. నాకున్నది మోపెడ్. దాన్ని ఎవరైనా పరిగెత్తి పట్టుకోవచ్చు.

ఆ రోజుల్లో పత్తిని శనగపచ్చ పురుగు పీడించుకు తినేది. పేరుకు శనగ పురుగే గానీ పత్తికాయ, మిరపకాయ, కంది దేన్నీ వదలదు. దాని గురించి నేను చెప్పేవి మా ఇంట్లో ఎవరూ నమ్మరు. స్ప్రేయరు చప్పుడు వినగానే ఆ పురుగులు ఆకుల కింది నుంచి పైకొచ్చి, ఎండకు హాయిగా ఉంటుందని వీపులు తడుపుకునేవి. ఒక రైతు పొరపాటున ఒక వరస వదిలేసి పోతే, ఆ వరసలోని పురుగులు తలలెత్తి ‘మాకేదీ?’ అన్నట్టు చూశాయి. ఇది నేను కళ్ళారా చూశాను. మోపెడ్ మీద పోతూ చూశాను కాబట్టి కాస్త అటూ ఇటూ అయి ఉండవచ్చు.

మా ఆఫీసు ఎదురుగా మస్తాన్ వలీ పురుగుమందుల కొట్టు. నెమ్మదస్తుడు. ఒక కంపెనీ వాళ్ళు తమ కొత్త మందుకు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి అతనికే ఏజెన్సీ ఇస్తామన్నారు. షరతు ఒక్కటే: రైతులందరి ముందూ పురుగు చచ్చిందని చూపించాలి. మస్తాన్ అప్పుడే బోర్డు కూడా రాయించేశాడు. ముందుగా తగిలిస్తే దిష్టి అని దాన్ని గోడవైపు తిప్పి పెట్టి, రోజుకోసారి దాని వెనక్కి తొంగిచూసి చదువుకునేవాడు.

ఈ పరీక్షకు ఒక పద్ధతి ఉంది. మందు కలిపిన నీళ్ళలో ఆకులు ముంచి, నీడలో ఆరబెట్టి పురుగులకు వేయాలి. పక్కనే ఉత్త నీళ్ళలో ముంచిన ఆకులు కొన్ని పురుగులకు వేయాలి. మర్నాడు రెండూ పోల్చి చూడాలి. ముఖ్యమైన సంగతి, పురుగుల్ని విడివిడిగా చిన్న డబ్బాల్లో ఉంచాలి. ఎందుకంటే శనగపచ్చ పురుగుకు బంధుప్రీతి లేదు. ఆకలేస్తే పక్కదాన్ని తినేస్తుంది.

ఈ మాట కంపెనీ నుంచి వచ్చిన రిప్రజెంటేటివ్‌కు చెప్పాను. టై కట్టుకున్న కుర్రాడు. “చిన్న డబ్బాలైతే వెనకున్న వాళ్ళకు కనపడదు సార్. షో బాగుండాలి” అని రెండు పెద్ద స్టీలు బేసిన్లు తెప్పించాడు. మందు బాగా ఎక్కాలని మొదటి బేసిన్ నిండా మందు ఆకులు పరిచాడు. రెండోది ఊరికే పోలికకే కదా అని అందులో కొట్టు వెనక బావి నీళ్ళలో ముంచిన ఆకు ఒక్కటంటే ఒక్కటి పడేశాడు.

ఇక పురుగులు. అక్కడ ఇంకో చిక్కొచ్చింది. మా వైపు రైతు తన చేలో పురుగుందని బయటివాళ్ళ ముందు ఒప్పుకోడు. మస్తాన్ ఏ చేను గట్టెక్కినా “మా దాంట్లో యాడుందయ్యా పురుగు? పక్క చేలో చూసుకో” అని తరిమారు. చివరికి తన బావమరిది ఖాసిం చేనే దిక్కయింది. కంపెనీ శాంపిలుగా ఇచ్చిన సీసాను మస్తాన్ అంతకు ముందు వారమే ఖాసింకు ఇచ్చి కొట్టించాడు. చాలా పురుగు రాలిపోయింది. రాలిపోగా మిగిలినవాటినే ఏరి తెచ్చాడు. బాగా బలంగా ఉన్నాయని మురిసిపోయాడు కూడా.

బేసిన్ల మీద పల్చటి గుడ్డలు కట్టి కొట్లో పెట్టి తాళం వేశారు. మర్నాడు పొద్దున్నే కొట్టు ముందు జనం. ఏడీ గారు జీపు దిగి గుడ్డలు విప్పారు.

మందు బేసిన్‌లో ఆకులు లేవు. ఈనెలు మిగిలాయి. ఆ ఈనెల మీద పురుగులన్నీ పెళ్ళి భోజనం చేసిన పెద్దమనుషుల్లా వెల్లకిలా పడున్నాయి. చచ్చాయేమోనని రిప్రజెంటేటివ్ ఆశగా పుల్లతో పొడిచాడు. ఒకటి విసుక్కుని అటు తిరిగి పడుకుంది.

నీళ్ళ బేసిన్‌లో పురుగులు లేవు. ఒక్కటి మాత్రం ఉంది. బొటనవేలంత లావు. మిగతావన్నీ దాని కడుపులో ఉన్నాయి గానీ ఆ సంగతి చూసేవాళ్ళకు తెలియదు కదా.

ముందు వరసలో ఉన్న కోటేశ్వరరావు, పత్తి మీద బాగా దెబ్బతిన్న రైతు, మెల్లగా అడిగాడు. “ఒరేయ్ మస్తానూ, ఆ నీళ్ళు ఏ బావియ్యిరా?”

అంతే. “మందొద్దు, ఆ నీళ్ళు పొయ్యి” అని బిందెలకు పరుగెత్తారు. ఏడీ గారు నా వైపు తిరిగి, వివరణ ఇవ్వమని ఉత్తర్వు వేసి జీపెక్కేశారు.

బిందెలతో తిరిగొచ్చిన జనానికే ముందు వివరణ ఇచ్చాను. నీళ్ళ బేసిన్‌లో జరిగింది ఆకలి అన్నాను. మందు బేసిన్ సంగతి అడిగితే, కోటేశ్వరరావే ముందందుకున్నాడు. “అందులో చెప్పడానికేముందండీ? ఏళ్ళ తరబడి తాగి తాగి పురుగు మందుకు అలవాటుపడింది. మా బావ సారాకు పడ్డట్టు.”

“అలవాటు కాదయ్యా. మీ బావ తాగితే మీ మేనల్లుడు తాగుబోతై పుడతాడా?”

“పుట్టాడండీ.”

జనం గొల్లుమన్నారు. నేను దారి మార్చుకోవాల్సి వచ్చింది.

“కళ్ళంలో మిరపకాయల్లోంచి విత్తనానికి కాయలు ఏరతారు కదా. అన్ని కాయలూ ఒకేలా ఉంటాయా? ఉండవు. నచ్చినవి విత్తనానికి ఉంచుతారు. మరుసటేడు చేలో వాటి పిల్లలే ఎక్కువ. పురుగుల్లోనూ అంతే. ఏ ఒకటో రెండో, మందును ఒంట్లోనే విరగ్గొట్టుకునే గుణంతో పుడతాయి. మందు వాటికి ఏమీ నేర్పదు. మెత్తటివాటిని చంపి, గట్టివాటికి చేనంతా ఖాళీ చేసిపెడుతుంది. అవి జత కట్టి గుడ్లు పెడతాయి. ఆ గుణం పిల్లలకొస్తుంది. ఈ కొత్త మందు సీసా కొత్తదే గానీ, లోపలిది పాతమందుల వంశమే. ఖాసిం చేలోంచి వచ్చినవి అది కొట్టినా మిగిలిన పురుగులు.”

కోటేశ్వరరావు మందు బేసిన్‌లోకి వంగి చూశాడు. “అంటే ఇన్నేళ్ళూ నేను పత్తి చేలో పురుగు విత్తనం కట్టానంటారా?”

“మేలు రకం” అన్నాను.

“మరి దాని పేరు?” అన్నాడు. ఎవరో వెనకనుంచి “కోటేశ్వరరావు లోకల్!” అని అరిచారు. ఆ పేరు ఆయన ఉన్నన్నాళ్ళూ ఉంది.

రిప్రజెంటేటివ్ టై విప్పి జేబులో పెట్టుకున్నాడు. మస్తాన్ అతని సంచీ మోస్తూ బస్టాండు దాకా వెళ్ళి, “ఏజెన్సీ పోయినట్టేనాండీ?” అని అడిగితే, బస్సు కదిలాక అవునని చెప్పాడట.

మస్తాన్ బోర్డును తిప్పలేదు. దాని వెనక వైపు ‘ఈ బావి నీళ్ళు తాగడానికి మాత్రమే’ అని రాయించి బావి దగ్గర తగిలించాడు. అయినా పొరుగూళ్ళ వాళ్ళు క్యానులతో వచ్చేవాళ్ళు. మా నీళ్ళు పనిచేయవని చెబితే, దాచుకుంటున్నాడని తిట్టేవాళ్ళు.

ఏజెన్సీ పక్క ఊళ్ళో కొట్టుకు పోయింది. అక్కడ పరీక్షకు పురుగుల్ని ఎన్నడూ మందు కొట్టని దొడ్డి కందిలోంచి తెచ్చారట. అన్నీ చచ్చాయి. చప్పట్లు కొట్టారు. పత్తి పూత మీద కొట్టాక చేలో పురుగు చావలేదు. ఆ కొట్టాయన రైతులకు కనపడకుండా చీరాలలో చుట్టాలింట్లో సీజనంతా గడిపాడు. మస్తాన్ మాత్రం ఇంట్లోనే అన్నం తిన్నాడు. మా పరీక్షలో పురుగులు తప్పుగా తెచ్చారని రిప్రజెంటేటివ్ రిపోర్టు రాసుకున్నాడు గానీ, నన్నడిగితే ఆ ఇద్దరు కొట్లవాళ్ళలో సరైన పురుగుల్ని తెచ్చింది మస్తానే.

ఆ తర్వాత సర్వీసులో నేను ఏ చేలో దిగినా చచ్చిన పురుగుల్ని చూడ్డం మానేశాను. వాటితో రైతుకు మళ్ళీ పని పడదు. బతికినదాన్నే చూడాలి, వచ్చే ఏటి చేను దాని పిల్లలది. రెండోది, పరీక్ష పెట్టేటప్పుడు నీళ్ళ బేసిన్‌లో కూడా కడుపునిండా ఆకు వేయాలి.