తపాలా బిళ్ళల బేరానికి బెజవాడ

మీ ఇంట్లో అపురూపమైన వస్తువొకటి ఉందనుకోండి. దాన్ని అమ్మడానికి బయలుదేరే రోజున ముందు ఏది తెరిచి చూస్తారు, ఆ వస్తువునా, పంచాంగాన్నా?

నా వ్యాసాలు దిద్దిపెట్టే మా శేషయ్య మాస్టారి దగ్గర నిజాం రాజ్యపు తపాలా బిళ్ళలున్నాయి. అచ్చులో అక్షరాలు తలకిందులైనవి, రంగు తప్పినవి, అంటించిన పాత కవర్లతో సహా ముప్పై ఏళ్ళపాటు పోగుచేశారు. ఇప్పుడు ఆయన రెండు కళ్ళకూ శుక్లాలు. ఆపరేషన్ ఖర్చుకు మరో దారి లేక అమ్మకానికి సిద్ధపడ్డారు. డెబ్బై నాలుగు ఫిబ్రవరిలో ఒక సోమవారం, ఆయనకు తోడుగా చల్లపల్లి నుంచి బయలుదేరాను.

ఏడు నలభై బస్సు మాకు దక్కలేదు. మాస్టారి భార్య సుబ్బమ్మగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"రాహుకాలం అన్నయ్యగారూ! తొమ్మిది దాటాక కదలండి."

"బస్సుకు రాహుకాలం లేదమ్మా."

"బస్సుకి కళ్ళు పోలేదుగా!"

గంటంబావు వాదించాను. గ్రహాలు సూర్యుడి చుట్టూ ఎలా తిరుగుతాయో కూడా చెప్పాను. ఆవిడ వింటూనే లోపలికి వెళ్ళి, కవర్ల పొట్లానికి తాడు కట్టి తెచ్చి నా చేతికిచ్చారు.

తొమ్మిదింబావు బస్సు ఎక్కాం. ఉయ్యూరు దగ్గర చెరకు బళ్ళు అడ్డం పడి అరగంట ఆగింది. పొట్లంలో ఏముందని పక్క సీటు రైతు అడిగాడు. చెప్పాను.

"వాడేసిన బిళ్ళలా! ఎవరు కొంటారండీ బాబూ?"

పన్నెండుంబావుకు బెజవాడ. పోస్టాఫీసు కిటికీలోని గుమాస్తా తలెత్తకుండానే, "ఇక్కడ అమ్మడమేనండీ, కొనడం లేదు" అన్నాడు. భోజనం చేసి వన్‌టౌన్‌లో పాత పుస్తకాల కొట్టుకు వెళ్ళాం. "కవర్లు పారేసి, బిళ్ళలు నీళ్ళలో నానబెట్టి ఊడదీసుకురండి. వంద చొప్పున పొట్లాలు కడితే స్కూలు పిల్లలు కొంటారు" అన్నాడు యజమాని. మాస్టారు నా చేయి గట్టిగా పట్టుకున్నారు. కవరూ దాని మీది ముద్రా పోతే ఆ బిళ్ళకు మిగిలేది సగం విలువే. మా మొహాలు చూసి జాలిపడ్డాడేమో, పటమటలో రత్నంగారనే రిటైర్డ్ రైల్వే గార్డు వీటిని ఎరుగుదురని చిరునామా చెప్పాడు.

సిటీ బస్సులో నిలబడి, నాలుగింటికి పటమట చేరాం. గోడమీద ఏసుక్రీస్తు పటం, బల్లమీద భూతద్దం.

"వీటికి బజారు వీధుల్లో ఉండదండీ" అన్నారు రత్నంగారు. "నిజాం బిళ్ళలు మాత్రమే ఏరుకునేవాళ్ళు మద్రాసులో నాకు తెలిసి నలుగురైదుగురున్నారు. కవరు కవరుకీ వివరం రాసి వాళ్ళకి పంపాలి. ఏవీ, చూపించండి."

రత్నంగారే తాడు విప్పారు. పైనున్న అయిదు కవర్లకు నాలుగు మూలలా పచ్చగా పసుపు, బిళ్ళ నడిమధ్య కుంకుమ బొట్టు.

"ఇదేంటండీ, శుభలేఖల్లాగ!"

మాస్టారికి కనిపించలేదు. వేలితో తడిమి, వాసన చూసుకున్నారు. "ఆవిడే" అన్నారు.

మొత్తంలో మేలైనవి ఆ అయిదే. రత్నంగారు వాటిని పక్కన పెట్టారు. "ప్రెస్సువాడి తప్పుకి ధర ఉంది మాస్టారూ, మన తప్పుకి లేదు. మిగతావి నేను పంపిస్తాను. ఒక కంటికి సరిపోవచ్చు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీద మండాలి? ఆవిడ లోపల పసుపు కలుపుతున్నంతసేపూ నేను వసారాలో గ్రహాలు తిప్పుతున్నాను. పొట్లం చేతికొచ్చాకైనా విప్పి చూశానా?

ఆరున్నర బస్సులో తిరుగు ప్రయాణం. పామర్రు దాటాక మాస్టారు నా వైపు వంగారు. "ఇంటికెళ్ళి ఆవిణ్ణి ఏమీ అనకండి. మంచి జరగాలనే పెట్టింది."

"జరిగిందా?" అని కసిరాను.

"ఒక కన్ను వస్తోందిగా. మీ వ్యాసాల్లో అచ్చుతప్పులు పట్టడానికి ఒకటి చాలు."

బెజవాడ బజారంతా తిరిగి నేను తెచ్చుకున్నది ఇంతే: అరుదైన వస్తువుకు విలువ దాన్ని ఎరిగినవాడి దగ్గరే ఉంటుంది, అదీ మన చేతుల్లో పాడవకుండా వాడిదాకా చేరితే. మీ అటకమీద కూడా పాత ఉత్తరాల కట్ట ఉండే ఉంటుంది. ఇవాళే దించండి. నానబెట్టకండి, తుడవకండి, బొట్టు పెట్టకండి. ఎరిగినవాణ్ణి వెతకండి. బయలుదేరేముందు పంచాంగం మూసి, పొట్లం విప్పండి!