అత్తగారి బిందె, నా ఎడమ చెవి

మా అత్తగారి రాగి బిందె బావిలో పడిన రోజు మా ఇంట్లో మధ్యాహ్నం దాకా పొయ్యి వెలగలేదు.

హైదరాబాదు రాజ్యం ఇండియాలో కలిసిన మరుసటి ఏడు, వానాకాలం చివర. నేను మిర్యాలగూడకు కాపురానికి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఆ బిందె మా అత్తగారు హాలియా దగ్గరి పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. చింతపండుతో తోమి తోమి అద్దంలా ఉంచేది. ఇంకొకరిని ముట్టనిచ్చేది కాదు. ఆ పొద్దున కూడా ఆమే నీళ్లు చేదుతోంది. బిందె మెడకు వేసిన ఉరి జారింది. బుడబుడమని బిందె మునిగిపోయి చేతిలో ఉత్త తాడు మిగిలింది.

"నా బిందె పాయెనే!" అని ఆమె పెట్టిన కేకకు వాడకట్టంతా మా పెరట్లోకి వచ్చింది.

పక్కింటి వాళ్లు పాతాళగరిగె తెచ్చారు. ఇనుప కొక్కేల గుత్తి అది, తాడు కట్టి బావిలో వేసి దేవులాడతారు. చాలాసేపు దేవులాడితే ఒక పాత చేద వచ్చింది, ఒక గరిటె వచ్చింది, ఎన్నాళ్ల కిందటో పోయిన మా మామగారి వెండి చెంబు వచ్చింది. ఆ చెంబు తీశాడన్న అనుమానంతోనే మామగారు సొంత తమ్ముడితో మాటలు మానేశారు. ఆయన చెంబును కండువా కింద దాచుకుని లోపలికి వెళ్లిపోయారు. బిందె మాత్రం రాలేదు. అత్తగారు బావి గట్టు మీద తల పట్టుకుని కూర్చుంది.

"నేను దిగి తెస్తానత్తయ్యా," అన్నాను.

అందరూ నావైపు చూశారు. మా పుట్టిల్లు కోదాడ దగ్గరి పల్లె. అన్నలతో పాటు మా మోటబావిలో దూకి, ఈది, మునిగి పెరిగినదాన్ని. పెళ్లిచూపుల్లో వంట వచ్చా, కుట్టు వచ్చా అని అడిగారు గానీ ఈత వచ్చా అని అడిగినవాళ్లు లేరు.

మా ఆయన తహసీలు కచేరీలో గుమాస్తా. మాట పొదుపు మనిషి. నన్ను పక్కకు పిలిచి, "నీకు ఈతొస్తదా?" అన్నాడు.

"వస్తుంది."

"మరి నాకెందుకు సెప్పలే?"

"కచేరీ నుంచి వచ్చి అన్నం తిని పడుకునే మనిషికి ఎప్పుడు చెప్పను?"

మగవాళ్లందరినీ పెరట్లోంచి పంపించేశారు. అది తాగే నీళ్ల బావి కాబట్టి ముందు నాకు తల మీదుగా నీళ్లు గుమ్మరించారు. చీర గోచీ పోసి బిగించి, తాడు కొస ఒక చేత్తో పట్టుకుని దూకాను.

మా మోటబావికీ ఆ బావికీ పోలిక లేదు. ఇది ఇరుకు, చీకటి, చల్లన. వానలకు నీళ్లు బాగా ఊరి ఉన్నాయి. కిందికి పోతున్నకొద్దీ చెవుల్లో ఎవరో బొటనవేళ్లు పెట్టి నొక్కుతున్నట్టు నొప్పి. చెవులు నొస్తే పైకి వచ్చేయాలని మా అన్నలు నేర్పారు. పైన వాడకట్టు ఆడవాళ్లంతా గట్టు మీద వరసగా తలలు పెట్టి చూస్తున్నారని గుర్తొచ్చి ఇంకాస్త కిందికే పోయాను. చెయ్యి బిందె అంచుకు తగిలింది. సరిగ్గా అప్పుడే ఎడమ చెవిలో టప్పుమన్నది. నొప్పి ఒక్కసారిగా పోయి, చల్లటి నీళ్లు తలలోకి దూరినట్టయింది. బావి గిర్రున తిరిగింది. ఏది పైనో ఏది కిందో తెలియలేదు. ఎలా కట్టానో కట్టాను, బిందె మెడకు తాడు ముడి వేసి, అదే తాడు పట్టుకుని పాకి పైకి తేలాను.

బిందె పైకి రాగానే అత్తగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని నిమిరింది. తర్వాత నన్ను కూడా నిమిరింది. ఆడవాళ్లు ఏమేమో పొగిడారు. నాకు అదంతా పక్క ఊళ్లో జరుగుతున్న సందడిలా వినిపించింది.

నీళ్లు నిలిచాయి, రెండు రోజుల్లో పోతాయి అనుకున్నాను. కుడి చెవి మర్నాటికి తేరుకుంది. ఎడమ చెవిలో మాత్రం కీచురాయి కాపురం పెట్టింది. నీళ్లు రాలతాయేమోనని గడ్డివాము చాటున ఒంటికాలి మీద గెంతుతూ తల విదిలించేదాన్ని. ఒకనాడు పక్కింటి ముసలమ్మ ఆ అవస్థ చూసి, అమ్మవారు పూనిందనుకుని చేతులు జోడించింది.

"తల్లీ, మా బర్రె ఎప్పుడీనుతదో సెప్పు!"

నేను వినిపించుకోకుండా గెంతుతూనే ఉన్నాను. ఆ వారంలోనే బర్రె ఈనింది. ముసలమ్మ మా ఇంటికి జున్ను పంపింది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కొత్త కోడలు చెవిటిదని పేరొస్తే పుట్టింట్లో దింపి వస్తారేమోనని భయం. అందరూ నా కుడివైపు ఉండేలా తిరుగుతూ కాలం గడిపాను. అత్తగారి గొంతు పెద్దది కాబట్టి చాలావరకు నెట్టుకొచ్చాను.

ఇంతలో మా ఆడబిడ్డను చూసుకోవడానికి కోదాడ వైపు నుంచి ఒక సంబంధం వాళ్లు వస్తామని కబురు చేశారు. ఇల్లు అలికి, ముగ్గులు వేసి సిద్ధం చేశాం. వాళ్లు రానే వచ్చి కూర్చున్నారు. బియ్యం చెరిగిన చాట ఒకటి వసారా మధ్యలో, పిల్లవాడి తండ్రి కాళ్ల దగ్గరే ఉండిపోయింది. అత్తగారికి ప్రాణం చచ్చిపోయి ఉంటుంది. నా ఎడమవైపు వచ్చి, పెదవులు కదపకుండా, "పిల్లా, సాటెత్తుకో," అంది.

మా అత్తగారి నోట చాట ఎప్పుడూ సాటే. నాకు వినిపించింది "పాటెత్తుకో" అని.

ఆడబిడ్డ సిగ్గుపడుతోంది గనుక నన్ను పాడమంటున్నారు కాబోలు అనుకున్నాను. పెళ్లిచూపుల్లో పాడదగిన పాట ఒక్కటీ నోటికి రాలేదు. చిన్నప్పటి నుంచి విన్నది మా జీతగాడు మోట తోలేటప్పుడు పాడేది. కళ్లు మూసుకుని అదే ఎత్తుకున్నాను. ఎద్దులను ముద్దు చేయడం, బతిమాలడం, చివర తోక మెలిపెట్టి "హో... హోయ్" అని అదిలించడం, అన్నీ పాడాను.

కళ్లు తెరిచేసరికి అత్తగారు స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. ఆడబిడ్డ కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్లవాడి తల్లి మా మామగారితో, "అమ్మాయి అన్నారు, మెడలో పుస్తెలున్నాయేమిటండీ?" అంది.

పిల్లవాడి తండ్రి పెద్ద రైతు. ఆయన ముఖం మాత్రం వెలిగిపోతోంది. "అచ్చం మా వైపు బాణీ! ఏ ఊరమ్మా మీది?" అన్నాడు, దురదృష్టం కొద్దీ ఎడమవైపు నుంచి.

"బీరకాయండీ," అన్నాను. నాకు "ఏం కూరమ్మా ఇది" అని వినిపించింది. వంటింట్లో ఉడుకుతున్నది అదే.

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఆ పేరుతో మా వైపు ఊరున్నట్టు గుర్తులేదే," అన్నాడు చాలా మర్యాదగా.

వాళ్లు భోంచేసి వెళ్లాక నేను వంటింటి గడపలో కూర్చుని పప్పు ఏరుతున్నాను. ఎందుకో తలెత్తి కుడివైపు తిరిగితే ఎదురుగా ఆడబిడ్డ నోరు తెరిచి చూస్తోంది. ఎడమవైపు తిరిగితే అత్తగారు, చెమటలు కారుతూ, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఉంది.

"ఏంది, ఇంత సేపు తిట్టిన, ఉలకవు పలకవు?" అంది చుట్టూ తిరిగి నా కుడివైపు వచ్చి.

"తిట్టారా అత్తయ్యా?"

"తిట్టిన్నా? మీ పుట్టింటోళ్లను, మీ మోటను, మీ ఎడ్లను, ఎవ్వల్ని ఇడిసిపెట్టలే!"

"నాకేమీ వినపడలేదు."

"అయ్యో, ఇప్పుడు అన్నీ మల్ల తిట్టాల్నా!" అని ఆమె చతికిలబడింది. ఆ వెంటనే నా ముఖంలోకి చూసింది. "వినపడలేదంటే? నిజంగనే వినపడలేదా?"

నాకు ఏడుపు వచ్చేసింది. బావిలో టప్పుమనడం దగ్గర నుంచి అంతా చెప్పాను. ఆమె నా తలను దగ్గరికి లాక్కుని ఎడమ చెవి నిమిరింది.

"పోతే బిందె పోతుండె. సెవి నొచ్చినప్పుడే పైకి రాకపోతివా బిడ్డా," అంది. "సెవి ఇచ్చి బిందె తెమ్మని నేనంటనా?"

అంతటితో ఆగితే బాగుండేది. ఆ సాయంత్రం నుంచే నా చెవికి సేవలు మొదలయ్యాయి. వెల్లుల్లి కాచిన నూనె, ఉల్లిగడ్డ రసం, వేపాకు పొగ. నేరేడుచర్ల నుంచి వచ్చిన ఒక దూరపు చుట్టం నా చెవిలోకి గొట్టంతో ఊదాడు. వారం తిరిగేసరికి చెవి చీము పట్టి, జ్వరం వచ్చింది. మా ఆయన మొదటిసారి గొంతు పెంచాడు.

"ఇగ సాలు. సూర్యాపేట దవాఖానకు తీస్కపోత."

"నేను సుత వస్త," అంది అత్తగారు.

ఎడ్లబండిలో కొంత, బస్సులో కొంత ప్రయాణం చేసి సూర్యాపేట చేరాం. గాలి దూరకుండా అత్తగారు నా తలకు తువ్వాలు చుట్టింది. బస్సులో అందరూ పన్ను పీకించుకోవడానికా అని అడిగారు.

దవాఖానాలో డాక్టరు ఉర్దూ మనిషి. నుదుటికి గుండ్రటి అద్దం కట్టుకుని నా చెవిలోకి చూశాడు. "కాన్ కా పర్దా ఫట్ గయా," అన్నాడు.

"పర్దా సిరిగిందంటున్నడు," అన్నాడు మా ఆయన.

"పర్దానా? మా ఇంట్ల పర్దా యాడిది సారూ?" అంది అత్తగారు. "తలుపులకు సుత లేకపాయె. మా ఆడోళ్లం అందరం బయటనే తిరుగుతం."

చెవిలో సన్నటి పొర ఉంటుందని, నీటి ఒత్తిడికి అది చిరిగిందని మా ఆయన విడమరిచి చెప్పాడు.

"గట్లనా. మరి కుట్టియ్యమను."

డాక్టరు నవ్వాపుకుంటూ, చీము ఆరితే అది దానంతట అదే అతుక్కుంటుందని, నూనె గానీ నీళ్లు గానీ చుక్క కూడా పోయవద్దని, బావిలో దూకడం మాట తలపెట్టవద్దని చెప్పాడు. చెవి తుడిచి, ఏదో తెల్లటి పొడి చల్లి, దూది పెట్టాడు.

"గింత దూరం వచ్చింది ఏం సెయ్యొద్దని సెప్పిచ్చుకునేటందుకా?" అని అత్తగారు లేవకుండా కూర్చుంది. డాక్టరు ఆమెను కాసేపు చూసి ఒక సీసా నిండా ఎర్రటి మందు పోసి ఇచ్చాడు. ఆమె అప్పుడు లేచింది.

దారిలో ఆ సీసాను ఒళ్లో పెట్టుకుని, "ఇది సెవిలనా, నోట్లనా?" అని అడిగింది.

"నోట్లనే. నీ నోట్ల," అన్నాడు మా ఆయన. "నీ పరేషాన్ తగ్గేటందుకు ఇచ్చిండు."

ఆమె నమ్మలేదు. కానీ సీసా పారేయడం ఇష్టం లేక తనే తాగింది. ఆకలి బాగా వేస్తోందని నలుగురికీ చెప్పింది.

సంబంధం వాళ్ల నుంచి ఒప్పుకున్నామని కబురు వచ్చింది. ఎద్దుల పాట తెలిసిన ఇల్లు మంచిదేనని పిల్లవాడి తండ్రి పట్టుబట్టాడట. ఎండాకాలంలో మా ఇంట్లోనే పెళ్లి. అప్పటికి చీము పోయి చెవి ఆరింది, వినికిడి మాత్రం లేదు. పెళ్లినాడు నేను అక్షింతల పళ్లెం పట్టుకుని మేళగాళ్ల వైపు ఎడమ చెవి ఉండేలా నిలబడ్డాను. సన్నాయి గట్టిగా పైకి లేచినప్పుడు, ఎడమవైపు నుంచి, గోడ అవతల ఎవరో ఊదినట్టు సన్నగా తగిలింది. కుడి చెవి వేలితో మూసుకుని చూశాను. ఉంది.

"అత్తయ్యా, వినిపిస్తోంది!"

అంతే. ఆమె పీటల మీది పిల్లనూ పిల్లవాడినీ వదిలేసి మేళగాళ్ల మీద పడింది. సన్నాయి అతన్ని రెక్క పట్టుకుని లేపి నా ఎడమ చెవి పక్కన నిలబెట్టి, "ఇగ ఊదు. జర మెల్లగ, సెవి కొత్తది," అంది. పురోహితుడు ముహూర్తం, ముహూర్తం అంటున్నాడు. "ఆగు పంతులూ!" అని గదమాయించింది. అతను ఊదాడు. నేను తలూపాను. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని, "ఆఁ, ఇప్పుడు కట్టిచ్చుండ్రి పుస్తె," అంది.

ఆ చెవి సగమే తిరిగి వచ్చింది, గుసగుసలు దానికి ఈనాటికీ అందవు. మా అత్తగారు ఉన్నన్నాళ్లూ రహస్యం ఏదైనా చెప్పాలంటే నా భుజం పట్టి తిప్పి, కుడివైపు చేరి, వీధి వీధంతా వినేలా చెప్పేది.