తమ్ముడి పేరున పర్మిట్

అలల్లా మెలితిరిగిన ఆ ఎర్ర రాళ్ళ ఎడారిలోకి రోజుకు కొద్దిమందినే వదులుతారు. అందుకని కేనాబ్ ఊరి హాల్లో పర్మిట్లకు లాటరీ తీసే ప్రతి ఉదయమూ వెల్డా తలుపు పక్క కుర్చీలో కూర్చునేది. బూట్ల తాళ్ళు బిగించుకుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, డబ్బాలో చెక్క బంతులు దొర్లే చప్పుడుకి కళ్ళు మూసుకునేది. తన నంబరు రాకపోతే, గెలిచినవాళ్ళకు దారిలో నీడ ఎక్కడుందో చెప్పి మరీ వెళ్ళేది. ఒక శుక్రవారం ఆమె బంతే పడింది.

"నీ పోరు పడలేక బంతే దూకేసింది వెల్డా అత్తా!" అన్నాడు లాటరీ తీసే రేంజర్ కోర్డెల్. "ఎంతమందికి?"

"ఇద్దరికి. నాకూ, మా డెర్న్‌కీ."

కోర్డెల్ నవ్వు ఆగిపోయింది. పర్మిట్ లేకుండా దొంగచాటుగా లోపలికి వెళ్ళి, మళ్ళీ రాని ఆమె తమ్ముణ్ణి కుక్కలతో వెతికినవాళ్ళలో అతనూ ఒకడు.

"అత్తా, డెర్న్ లోపలే ఉండిపోయాడు కదా," అన్నాడు మెల్లగా.

"అందుకేరా. రోజూ ఎడారి అంచున కంచెదాకా వస్తున్నాడు. కాగితం లేదని దాటడు, పిచ్చివెధవ. చిన్నప్పట్నుంచీ వాడికి మీరంటే భయం."

కోర్డెల్ రెండో పర్మిట్ రాసిచ్చాడు. లోపలినుంచి కంచెదాకా వచ్చి వెనుదిరిగిన అడుగుజాడల్ని ఆ పొద్దున అతనూ చూశాడు.